పేషెంట్ తాలూకు ఎవరండీ? పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లో చూసుకోవడం ఎలా

ఐసీయూ తలుపు సగం తెరిచి నర్సు కేకేస్తుంది: "ఏడో బెడ్ పేషెంట్ తాలూకు ఎవరండీ?" బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఎవరు లేచి నిలబడితే ఆ క్షణం నుంచి ఆ పని వాళ్లదే. కాగితాల్లో సంరక్షకులు అని రాస్తారు, ఏజెన్సీ వాళ్లు కేర్‌టేకర్ అంటారు, ఆస్పత్రిలో అటెండెంట్ అంటారు. ఊళ్లో మాత్రం "పాపం, వాళ్లమ్మాయే దగ్గరుండి అన్నీ చేస్తోంది" అంటారు. తెనాలిలో మా కిరాణా కొట్టు మెట్ల మీద మా నాన్నకి కుడి పక్క పడిపోయి మాట పోయిన రోజు, గుంటూరు ఆస్పత్రిలో అలా లేచి నిలబడింది నేను.

ఆ "అన్నీ చేస్తోంది" అన్న మాటే మమ్మల్ని చాలాకాలం తప్పుదారి పట్టించింది. మొదటి రెండు నెలలు అమ్మా నేనూ నిజంగానే అన్నీ చేసేశాం. తినిపించాం, తుడిచాం, చొక్కా తొడిగాం, ఆయన బదులు మేమే మాట్లాడాం. తెలుగులో ఇంకో మాట ఉంది, కనిపెట్టుకుని ఉండడం. ఈ పనికి సరైన పేరు అదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. చేసిపెట్టేది సగమైతే కనిపెట్టేది సగం. మొదటి సగం నర్సులు నేర్పుతారు. రెండోది ఎవరూ నేర్పరు.

నేను డాక్టర్ని కాను. డాక్టర్లు, ఫిజియోథెరపిస్టు, నర్సులు మాకు చెప్పినవి, మేము చేసిన తప్పుల వల్ల తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్ల విషయంలోనూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. మతిమరుపు జబ్బు సంగతి వేరు, దాన్ని ఇందులో కలపడం లేదు.

1. డిశ్చార్జికి ముందు రోజే నేర్చుకోండి

డిశ్చార్జి రోజు మొత్తం బిల్లుకే పోతుంది. ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం సాయంత్రం దాకా కూర్చుంటారు. చివర్లో ఎవరో హడావిడిగా ఫైలు చేతిలో పెట్టి "అన్నీ రాసున్నాయండి" అంటారు. అందుకే నేర్చుకోవాల్సింది ముందు రోజే. మనం నర్సుని చూస్తూ నిలబడితే పని రాదు. "సిస్టర్, నేను చేస్తాను, తప్పుంటే చెప్పండి" అని అడిగి పక్క మార్చడం, దుప్పటి మార్చడం, గొట్టంతో ఆహారం ఇవ్వడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం అన్నీ ఒక్కసారైనా మన చేతులతో చేయాలి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్లో వీడియో తీసుకోండి. ఇంటికొచ్చిన మొదటి రాత్రి ఆ వీడియో మేము మూడుసార్లు చూశాం.

డాక్టర్ని అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఎదుట నిలబడితే గుర్తురావు. ఏ మాత్ర ఎందుకు, ఏది ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు? నోటితో ఏమేం ఇవ్వొచ్చు, ఎంత చిక్కగా ఉండాలి? గొట్టాలు ఎప్పుడు మార్పించాలి? ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి, రాత్రిపూట ఏ నంబరుకి చేయాలి? వీటన్నిటికంటే ముందు ఇంకొకటి: "మింగడం పరీక్ష చేశారా?" మేము అడగలేదు. దాని సంగతి మూడో భాగంలో చెప్తాను.

2. గది

సర్జికల్ షాపులో అన్నీ ఒకేసారి కొనకండి. తల వైపు ఎత్తే మంచం, వీల్‌చెయిర్ అద్దెకి దొరుకుతాయి. రెండు నెలల్లో అవసరమే మారిపోవచ్చు. నవారు మంచం మాత్రం వద్దు. మధ్యలో కిందికి జారుతుంది, మనిషిని తిప్పడం కుదరదు, మీ నడుం పోతుంది. ఎయిర్ బెడ్ కొంటే దాని మోటారు పగలూ రాత్రీ ఆడుతూనే ఉండాలి కాబట్టి ఇన్వర్టర్ లైను ఆ గదిలోకి లాగించండి. కరెంటు పోయినప్పుడు గాలి దిగిపోయిన బెడ్ మీద పడుకోవడం అంటే చెక్క మీద పడుకున్నట్టే.

మంచాన్ని గోడకి ఆనించకుండా రెండు పక్కలా మనిషి నిలబడేంత చోటు వదలండి. పనిచేసే చేతికి అందేలా ఒక బెల్లు పెట్టండి. బాత్రూం తలుపు వెడల్పు టేపుతో కొలిచాకే వీల్‌చెయిర్ తెచ్చుకోండి. మా తలుపు రెండడుగులే, కుర్చీ అందులో పట్టలేదు. చివరికి కమోడ్ కుర్చీ తెచ్చి గదిలోనే వేశాం.

ఒక వస్తువు మాత్రం ఏ షాపులోనూ అడగక్కర్లేదు. అమ్మ పాత నూలు చీర. దాన్ని నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా పేషెంట్ కింద అడ్డంగా పరవాలి. ఇద్దరు చెరో పక్క అంచు చుట్టి పట్టుకుని ఒకేసారి ఎత్తితే మనిషి పైకి జరుగుతాడు. చేతులతో లాగితే ఒంటి తోలు పరుపుకి రాసుకుపోతుంది, చాలా పుండ్లు అక్కడే మొదలవుతాయి. ఆస్పత్రి వాళ్ల డ్రా షీట్ కంటే బాగా ఉతికి మెత్తబడ్డ చీరే నయం. తడిస్తే మార్చడానికి ఇంట్లో ఎలాగూ పది ఉంటాయి.

3. ఒక నోట్‌బుక్

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఇది పెట్టుకోండి. ఆస్పత్రి నుంచి వస్తూ దారిలో 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. దానికి దారంతో పెన్ను కట్టండి, లేకపోతే పెన్ను ఉండదు. మా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

ఉ. 6.15 – బీపీ 148/86. ఎడమ పక్కకి తిప్పాం.
ఉ. 7.00 – కాఫీ అర గ్లాసు. రెండుసార్లు దగ్గు. గొంతు గరగర.
ఉ. 8.30 – ఇడ్లీ 2, మెత్తగా చేసి. దగ్గు లేదు. మాత్రలు 4.
మ. 12.40 – విరేచనం అయింది. నడుము కింద ఎరుపు లేదు.
సా. 5.00 – ఒళ్లు వెచ్చగా ఉంది. 100.2.

చూడ్డానికి చాకలి పద్దులా ఉంటుంది. కానీ నాన్నకి రెండుమూడు రోజులకోసారి సాయంత్రం జ్వరం వస్తోంది, మాత్ర వేస్తే తగ్గుతోంది, దోమలనుకున్నాం. ఒక రాత్రి నిద్రపట్టక ఆ పేజీలు వెనక్కి తిప్పుతుంటే కనబడింది. జ్వరం వచ్చిన రోజులన్నిటిలోనూ పొద్దున్న "కాఫీ, దగ్గు, గరగర" ఉంది. జావ తాగిన రోజుల్లో లేదు. పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరకి వెళ్తే ఆయన ఆ పేజీలు చదివి, ఛాతీ ఎక్స్‌రే తీయించి, పల్చటి ద్రవం కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతోందన్నారు. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేసి ఉంటే నిమోనియాతో మళ్లీ ఐసీయూలో ఉండేవాళ్లం.

ఆ పనికి డిగ్రీ ఏమీ అక్కర్లేదు. రోజూ చూసేది మనమే కాబట్టి మనకే కనబడుతుంది, రాసుకుంటే.

4. ముద్ద, గుటక

స్ట్రోక్ తర్వాత చాలామందికి మింగే కండరాలు కూడా బలహీనపడతాయి. మనకి విచిత్రంగా అనిపించేది ఏంటంటే, ఇలాంటివాళ్లకి అన్నిటికంటే ప్రమాదం మంచినీళ్లే. పల్చగా ఉన్నది గొంతులో వేగంగా జారుతుంది, ఊపిరి గొట్టం మీది మూత పడేలోపు దారి తప్పుతుంది. కాబట్టి ద్రవాలు ఎంత చిక్కగా ఉండాలో స్పీచ్ థెరపిస్టు చెప్పినట్టు చేయాలి. మింగడం పరీక్షించేది కూడా వాళ్లే. చిక్కబరిచే పొడులు మందుల షాపులో దొరుకుతాయి. మా ఇంట్లో కాఫీ కూడా జావలాగే తయారైంది. మొదటి చెంచాకి నాన్న పెట్టిన మొహం చూసి అమ్మకి ఆ నెలలో మొదటిసారి నవ్వొచ్చింది.

తినిపించే ముందు నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టి ఒక్క చెంచా కూడా వద్దు. తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోనివ్వాలి. గడ్డం కాస్త కిందికి వంచి మింగమనండి. చిన్న చెంచా తీసుకోండి, బాగున్న పక్క నుంచి పెట్టండి, గుటక పడిందని గొంతు చూసి నిర్ధారించుకున్నాకే రెండోది. టీవీ కట్టేయండి. నవ్వించకండి, మాట్లాడించకండి. చివర్లో పడిపోయిన పక్క బుగ్గలో చూడండి, అక్కడ ముద్ద ఉండిపోతుంది, వాళ్లకి తెలియదు కూడా. అదే రాత్రి గొంతులోకి జారుతుంది.

మన తిండిలో చారు అన్నం చిక్కు. మెతుకు ఒక దారి, చారు ఒక దారి పోతాయి. పెరుగన్నం మెత్తగా పిసికి గుజ్జుగా చేస్తే బాగుంటుంది. పప్పు అన్నం కూడా అంతే. అటుకులు, మరమరాలు, పొడిపొడిగా రాలే ఉప్మా పక్కన పెట్టండి. ఉప్పు సంగతి డాక్టర్ ఎలాగూ చెప్తారు. అయినా ఆవకాయ ఎర్రటి నూనె వేలి చివర అద్ది నాలుక మీద రాస్తే నేరమేమీ కాదని నా అభిప్రాయం. మా డాక్టర్ విననట్టు నటించారు.

ముక్కులో గొట్టం ఉంటే ముక్కు దగ్గర దాని మీద వేసిన గుర్తు అక్కడే ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. తల వైపు ఎత్తండి. సిరంజితో నెట్టకుండా పైకి పట్టుకుంటే ఆహారం దానంతట అదే దిగుతుంది. ముందూ వెనకా కొంచెం మంచినీళ్లు పోస్తే గొట్టం మూసుకుపోదు. గొట్టం బయటికి జారితే మీరు లోపలికి తోయకండి, ఏమీ పోయకండి, నర్సుని పిలవండి.

నోరు శుభ్రం చేయడం చాలామంది వదిలేస్తారు. గొట్టంతో తింటున్నవాళ్లకి కూడా రోజుకి రెండుసార్లు పళ్లు తోమాలి. నోట్లో ఉన్న క్రిములే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

5. రెండు గంటలకోసారి

పడక పుండు మొదలవడానికి ఒక్క రాత్రి చాలు, మానడానికి నెలలు పడుతుంది. అందుకే ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క, ఇలా రెండు గంటలకోసారి మార్చాలి. గోడకి ఒక కాగితం అంటించి టైము రాయండి. పక్కకి పూర్తిగా తిప్పేయకుండా వీపు వెనక దిండు పెట్టి కాస్త ఏటవాలుగా ఉంచితే తుంటి ఎముక మీద బరువు పడదు. పడిపోయిన పక్క మీద పడుకోబెట్టినప్పుడు ఆ భుజం కింద నలగకుండా కాస్త ముందుకి తీయండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. ఎయిర్ బెడ్ ఉంటే రాత్రిపూట ఎంత వ్యవధి ఇవ్వొచ్చో నర్సుని అడగండి. అది ఉంది కదా అని తిప్పడం మానేయకూడదు.

రోజూ తడిగుడ్డతో ఒళ్లు తుడిచేటప్పుడు లైటు వేసి నడుము కింద, తుంటి, మడమలు, మోచేతులు, చెవుల వెనక, తల వెనక చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు, నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. మన ఒంటి రంగుకి ఎరుపు స్పష్టంగా కనబడదు. అందుకే చేత్తో కూడా చూడాలి. ఆ చోటు చుట్టుపక్కల కంటే వెచ్చగానో, గట్టిగానో, ముదురుగానో ఉంటే అదే సూచన. అక్కడ మర్దన చేయకండి. పసుపు అద్దకండి. గాలి ట్యూబు లాంటి రింగు మీద కూర్చోబెట్టకండి, దాని అంచు నొక్కి ఇంకో పుండు తెస్తుంది. ఆ వైపు బరువు పడకుండా చేసి డాక్టర్‌కి ఫొటో పంపండి.

6. లేపడం, చొక్కా తొడగడం

ఇంటికి తెచ్చిన రోజు నేనూ మా బాబాయి కొడుకూ కలిసి నాన్నని చేతులు పట్టుకుని లేపాం. పడిపోయిన చెయ్యి కూడా పట్టుకుని లాగాం. కండరం పట్టు లేని భుజం కీలు దాని చోటు నుంచి జారుతుందని మాకు తెలియదు. తర్వాత మూడు నెలలు ఆ భుజం నొప్పికి నాన్న రాత్రిళ్లు మూలిగేవారు. పక్షవాతం కంటే ఆ నొప్పే ఫిజియోకి ఎక్కువ అడ్డం వచ్చింది.

కాబట్టి ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు. కూర్చున్నప్పుడు దాని కింద దిండు పెట్టండి, వేలాడనివ్వకండి. మంచం నుంచి కుర్చీలోకి మార్చాలంటే కుర్చీని బాగున్న పక్కన, మంచానికి దగ్గరగా పెట్టి బ్రేకులు వేయండి, కాళ్లు పెట్టుకునే పలకలు మడవండి. నడుముకి బెల్టుగానీ, గట్టిగా కట్టిన తువ్వాలుగానీ ఉండాలి, మీరు పట్టుకునేది అదే. ఆయన పాదాలు నేల మీద ఆనాలి, ఒళ్లు ముందుకి వంగాలి. పడిపోయిన మోకాలు మడతపడకుండా మీ మోకాలు దానికి అడ్డం పెట్టండి. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి మూడు అనగానే ఇద్దరూ కలిసి లేవండి. లెక్క పెట్టకపోతే మీరు మూటని ఎత్తినట్టు ఎత్తుతారు, ఆయన మూటలాగే ఉంటారు. మీ మెడ పట్టుకోనివ్వకండి. మీ మోకాళ్లు వంచండి, నడుం కాదు. లుంగీ కట్టి లేపడం మానేయండి, అది కాళ్లకి చుట్టుకుంటుంది. ఎలాస్టిక్ ప్యాంటు వేయండి.

చొక్కాకి ఒకటే సూత్రం: తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర.

గుండీలు మాత్రం ఆయనకే వదిలేయండి. ఫిజియోథెరపిస్టు ఈ మాట చెప్పినప్పుడు అమ్మకి కోపం వచ్చింది. నాన్న ఎడమ చేత్తో ఐదు గుండీలు పెట్టుకోవడానికి మొదటి రోజు పదకొండు నిమిషాలు పట్టింది. మూడో గుండీ రెండుసార్లు జారిపోయింది. అమ్మ మంచం పక్కన రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది, సాయానికి పోకుండా ఉండడానికి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో శరీరం ఎక్కువగా కోలుకుంటుంది, తర్వాత కూడా మెరుగుపడుతుంది కానీ నెమ్మదిగా. ఆ నెలల్లో మనం ప్రేమతో చేసిపెట్టిన ప్రతి పనీ ఆయన చేయకుండా పోయిన ఎక్సర్‌సైజే.

7. మాట పోయినవాళ్లతో మాట్లాడడం

కుడి పక్క పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది, ఎక్కువ మందికి భాష ఉండేది మెదడు ఎడమ వైపే కాబట్టి. మాట రాకపోవడం అంటే మతి పోవడం కాదు. చెవుడూ కాదు, గట్టిగా అరవక్కర్లేదు. నాన్నకి అన్నిటికీ ఒకటే మాట వచ్చేది: "వద్దు." నీళ్లు కావాలన్నా వద్దు, ఫ్యాను వేయమన్నా వద్దు. మేము అక్షరాలా నమ్మి గ్లాసు వెనక్కి తీసుకెళ్లేవాళ్లం, ఆయన కోపంతో ఎర్రబడేవారు. నోటి మాట కాకుండా కళ్లూ చెయ్యీ చూడాలని తెలియడానికి మాకు రెండు వారాలు పట్టింది.

ఒక్కసారి ఒక్క ప్రశ్నే అడగండి. వస్తువు చూపించి అడగండి. జవాబుకి టైమివ్వండి, మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆయన మాట మీరు పూర్తిచేయకండి. ఒక రోజు నేను ఊరికే "రెండు ఒకట్లు రెండు" అన్నాను. నాన్న అందుకుని "రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు" అని ఇరవై దాకా తడబడకుండా చెప్పేశారు. మంచినీళ్లు అని అడగలేని మనిషి! బట్టీ పట్టిన ఎక్కాలు, శ్లోకాలు, పాటలు, వారాల పేర్లు చాలామందిలో ఇలా మిగిలే ఉంటాయి. స్పీచ్ థెరపిస్టులు వాటితోనే మొదలుపెడతారు కూడా.

చూడ్డానికి వచ్చే చుట్టాలకి గుమ్మం దగ్గరే ఒక మాట చెప్పండి. "నేనెవరో చెప్పు బావా, చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టొద్దని. కొట్లో వెయ్యి మంది పేర్లూ బాకీలూ నోటికి చెప్పిన మనిషికి అంతకంటే అవమానం లేదు.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. తిండి మానడం, ఫిజియోకి మొండికేయడం, గోడ వైపు తిరిగి పడుకోవడం, ఇవన్నీ బద్ధకం కాకపోవచ్చు. కారణం లేకుండా ఉన్నట్టుండి ఏడవడం, నవ్వడం మెదడు దెబ్బ వల్ల కూడా జరుగుతుంది. రెండిటికీ మందులున్నాయి, డాక్టర్‌కి చెప్పాలి. ఫోన్లో అయితే 14416, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

8. మాత్రలు, పావురం రక్తం

ఏడు రోజుల గళ్ల డబ్బా కొని ఆదివారం నింపుకోండి. మాత్ర మింగలేకపోతున్నారని మీకు మీరే నూరి ఇవ్వకండి. నెమ్మదిగా కరిగేలా చేసినవి, పైన పూత ఉన్నవి నూరితే మందంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది లేదా పొట్టలో మంట పెడుతుంది. ఏవి నూరొచ్చో షాపాయనా డాక్టరూ చెప్తారు. బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర ఆపేయడం ఇంకో తప్పు. నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే.

ఇంటికొచ్చిన వారంలోపే ఎవరో ఒకరు పావురం రక్తం రాయమంటారు. ఇంకొకరు ఫలానా ఊళ్లో పసరు పోస్తారంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లింట్లో ఎవరికో తగ్గింది, ఎలాగూ తగ్గే నెలల్లో. పావురం రక్తం వల్ల లాభం లేదు, పావురానికి నష్టం. పసరుతో అసలు ప్రమాదం పత్యం పేరుతో "ఇంగ్లీషు మందులు ఆపండి" అనడం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రా, బీపీ మాత్రా ఆపితే రెండో స్ట్రోక్ రావచ్చు. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకుండా "డాక్టర్ని అడిగి చెప్తామండి" అంటే సరిపోతుంది. మా మేనత్త నాలుగుసార్లు అడిగి మానేసింది.

9. పరిగెత్తాల్సిన సందర్భాలు

నవ్వమంటే మూతి కొత్తగా వంకర పోవడం, చెయ్యి ఎత్తమంటే కిందికి వాలిపోవడం, ఉన్న మాట ముద్దగా మారడం. అప్పుడు టైము చూసి నోట్‌బుక్‌లో రాసి 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అది ఎవరికివ్వాలో స్కాన్ చూసి నిర్ణయిస్తారు. కాబట్టి "కాసేపు చూద్దాం" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. నోట్లో నీళ్లు పోయకండి, నాలుక కింద మాత్ర పెట్టకండి. ఇప్పటికే ఒక పక్క పడిపోయిన మనిషిలో కొత్త మార్పు డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే మామూలు రోజున ఆయన నవ్వడం, చెయ్యి ఎత్తడం, మాట్లాడడం ఒక నిమిషం వీడియో తీసి ఫోన్లో ఉంచుకోండి.

ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, వణుకుతో జ్వరం, ఎంత లేపినా మత్తుగా ఉండడం, ఇవి కూడా ఆగకూడనివే. యూరిన్ గొట్టం ఉంటే బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కింద, నేలకి తగలకుండా వేలాడాలి. చాలాసేపు చుక్క పడకపోయినా, మూత్రం చిక్కగా కంపు కొట్టినా ఫోన్ చేయండి.

10. మనిషిని పెట్టుకోవడం, అన్నయ్యకి పని చెప్పడం

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు మీకు కావాల్సింది నర్సా, అటెండెంటా అన్నది ముందు తేల్చుకోండి. గొట్టాలు, ఇంజెక్షన్లు ఉంటే నర్సు కావాలి. ఆధార్ కాపీ తీసుకోండి, మొదటి మూడు రోజులు పక్కనే ఉండండి. వచ్చిన మనిషికి కూడా నిద్రా భోజనం ఉండాలి. 24 గంటల డ్యూటీ అంటే 24 గంటలూ మెలకువగా ఉండడం కాదు.

విదేశాల్లో ఉన్న తోబుట్టువు నెలనెలా డబ్బు పంపి "ఇంకేమైనా కావాలా" అని అడిగితే మనకి ఒళ్లు మండుతుంది, వాళ్లకి అపరాధ భావం మండుతుంది. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్, మందుల ఆర్డరు, రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీల వారీగా పెట్టడం అతని పని అని తేల్చి చెప్పాను. ఇంకొకటి కూడా. ఇక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర వేసవిలో అక్కడ రాత్రి పది. నాన్న టిఫిన్ తినే అరగంట అన్నయ్య వీడియోలో కూర్చుని గుటకలు చూస్తాడు, "నాన్నా, మెల్లగా" అంటాడు. చెంచా పట్టుకునేది అటెండెంటు. ఆ అరగంట అమ్మ స్నానం చేసి, తనకోసం ఒక కాఫీ కూర్చుని తాగుతుంది, పల్చటిది.

11. కాగితాలు

వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సదరం సర్టిఫికెట్‌కి (వైకల్యం ఎంతో ధ్రువీకరించే ప్రభుత్వ పత్రానికి) అర్హత. ఆంధ్రప్రదేశ్‌లో స్లాటు గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేస్తారు, తెలంగాణలో మీసేవలో అడగండి. ఆంధ్రలో పక్షవాతంతో మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకి ఎన్టీఆర్ భరోసా పింఛను 2024లో నెలకు 15,000 రూపాయలు చేశారు. అర్హత ఎవరికో సచివాలయంలో కనుక్కోండి. 70 ఏళ్లు నిండినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వైద్య ఖర్చులకి ఆయుష్మాన్ కార్డు ఉంది. మీరు పాత విధానంలో ఆదాయపు పన్ను కడుతుంటే, మీ మీద ఆధారపడ్డ వికలాంగుల కోసం (1961 చట్టంలో ఇది సెక్షన్ 80డీడీ) 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు వస్తుంది. దానికీ సర్టిఫికెట్ కావాలి.

బ్యాంకులో సంతకం కుదరదని కంగారుపడకండి. వేలిముద్ర చాలు, చేతి వేలు కాకపోతే కాలి వేలిముద్ర అయినా తీసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. పెన్షనర్లయితే లైఫ్ సర్టిఫికెట్ ఇంటి నుంచే ఫోన్లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. పెద్దవాళ్లకి సంబంధించి ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలియకపోతే 14567, ఎల్డర్‌లైన్.

12. చూసేవాళ్లని చూసేదెవరు

ఐదో నెలలో అమ్మ వంటింట్లో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. నాన్న మాత్రల డబ్బా ఏ గడీ తప్పకుండా నింపిన మనిషి, తన బీపీ మాత్ర అయిపోయి పన్నెండు రోజులైనా తెచ్చుకోలేదు. నోట్‌బుక్‌లో నాన్న బీపీ రోజుకి రెండుసార్లు ఉంది, అమ్మది ఒక్కసారి కూడా లేదు. ఆ రోజు నుంచి పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమ నాన్నది, కుడి అమ్మది. అమ్మ నిద్ర ఎన్ని గంటలో కూడా రాస్తాం.

విసుక్కుంటారు. డైపర్ మార్చిన ఐదు నిమిషాలకి మళ్లీ తడిపితే ఎవరికైనా నోరు జారుతుంది. నేనూ ఒక రాత్రి గట్టిగా అరిచాను, నాన్న మొహం తిప్పుకున్నారు. అలాంటప్పుడు గది బయటికి వెళ్లి రెండు నిమిషాలు నిలబడి రండి. ఇద్దరున్న ఇంట్లో రాత్రి డ్యూటీ వంతులు వేసుకోండి, వరసగా మూడు రాత్రులు ఎవరూ చేయకూడదు. ఒక్కరే ఉంటే, వారానికి రెండు రాత్రులకైనా మనిషిని పెట్టుకోవడం విలాసం కాదు, మందుల ఖర్చులో భాగంగా లెక్కవేయండి. ఏడుపు ఆగకపోయినా, చచ్చిపోతే బాగుండు అనిపించినా 14416 మీకు కూడా.

వారానికి ఒక పూట సెలవు కాగితం మీద రాసి గోడకి అంటించండి, పక్క మార్చే చార్టు పక్కనే. అమ్మకి ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు. చెంచుపేటలో పిన్ని ఇంటికి వెళ్తుంది. మొదటి ఆదివారం గంటలో నాలుగుసార్లు ఫోన్ చేసింది: తిప్పావా, తాగారా, తలుపు గడియ పెట్టావా, నన్ను అడిగారా. మొన్న ఆదివారం ఒక్కసారే చేసింది, ఆరున్నరకి వస్తానని చెప్పడానికి.